పులి పడేసిన ఆవును ఏం చేయాలి? మొదటి రోజు చేయాల్సినవి, చేయకూడనివి

ప్రశ్న ఇది: "మాది నల్లబెల్లి వైపు అడవి అంచు ఊరు. మేతకు పోయిన ఆవు సాయంత్రం ఇంటికి రాలేదు. పొద్దున ఒర్రె ఒడ్డున దొరికింది, వెనక భాగం తినేసి ఉంది. పూడ్చేద్దామని కొందరు, గుళికలు చల్లుదామని కొందరు అంటున్నరు. అది పులా, చిరుతా? ఫారెస్టోళ్లకు చెప్తే పరిహారం వస్తదా, ఉల్టా మా మీదనే కేసు పెడ్తరా? పత్తి ఏరనీకి కూలోళ్లు రామంటున్నరు. పులి ఎన్ని రోజులుంటది?"

ముందు సూటిగా జవాబు. ఆవును అక్కడి నుంచి కదపకండి, పూడ్చకండి, కాల్చకండి, మందు అసలే పెట్టకండి. బీటాఫీసర్‌కు, అంటే మీ వైపు అడవిని చూసుకునే ఫారెస్టు ఉద్యోగికి, వెంటనే ఫోన్ చేయండి. ఆయన నంబరు లేకపోతే పంచాయతీ కార్యదర్శిని అడగండి, అదీ కుదరకపోతే 112కు కొట్టండి. పశువుల డాక్టరు వచ్చి పోస్టుమార్టం చేసేదాకా అది మీ ఆవు మాత్రమే కాదు, మీ పరిహారానికి సాక్ష్యం కూడా. ఆ తర్వాత దాన్ని పులికే వదిలేయాలి. వినడానికి కష్టంగానే ఉంటుంది కానీ మీ కొట్టంలో మిగిలిన పశువులకు దీనికంటే మంచి కాపలా లేదు.

కారణం చెబుతాను. నాటు ఆవు రెండు వందల కిలోల పైచిలుకు ఉంటుంది. పెద్దపులి ఒక రాత్రి తినేది సుమారు ఇరవై, పాతిక కిలోలు. తిని, దగ్గర్లో నీళ్లు తాగి, పొదలో పడుకుని, చీకటి పడగానే మళ్లీ అక్కడికే వస్తుంది. ఇలా మూడు నాలుగు రాత్రులు ఆ ఒక్క ఆవు మీదే గడుపుతుంది. ఆ నాలుగు రోజులూ దానికి వేటాడే అవసరం ఉండదు. మీరు కళేబరాన్ని పూడ్చేస్తే రెండో రాత్రి వచ్చి వెతుక్కుంటుంది, దొరకదు. ఆకలితో ఉన్న పులి ఎదురుగా మీ ఊరి పశువుల మందే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో రెండో పశువు పోయిందంటే, చాలాసార్లు మొదటిదాన్ని తీసేయడమే కారణం. ఊళ్లో మాత్రం "పులి మరిగింది" అంటారు.

కళేబరం ఊరికి మరీ దగ్గర్లోనో, బడి దారిలోనో, బోరుబావి పక్కనో ఉంటే సంగతి వేరు. అప్పుడు అటవీ సిబ్బందే పంచనామా అయ్యాక ట్రాక్టరు మీదో బండి మీదో అడవి లోపలివైపు కొంత దూరం జరిపించి వదులుతారు. ఆ నిర్ణయం రేంజ్ ఆఫీసర్‌ది, ఊరి పెద్దలది కాదు.

గుళికల సంగతి. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన వైపు పులులు చచ్చేది తుపాకీకి కాదు, మందుకూ కరెంటు తీగకూ. పురుగుమందు దుకాణంలో దొరికే కార్బోఫ్యూరాన్ గుళికలు పిడికెడు చల్లితే చాలు. తిన్న జంతువు నరాలు పట్టేసి, నోటి నుంచి నురగ కారి, నీళ్ల వైపు పోతూ దారిలోనే పడిపోతుంది. ఫోరేట్ గుళికల వాడకం 2020 డిసెంబరు 31తోనే నిషేధమైంది కానీ పాత డబ్బాలు ఇంకా కొట్టాల్లో మూలన పడి ఉన్నాయి. మందు పులిని వెతుక్కుంటూ పోదు. ముందు కాకులు, ఊరకుక్కలు, నక్కలు, ఆ తర్వాతే పులి. పెంచికల్‌పేట, బెజ్జూరు మధ్య పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టిన పొడుగుముక్కు రాబందులు కూడా ఇలాంటి కళేబరాల మీదే బతుకుతాయి. ఒక్క మందు పెట్టిన ఆవు మీద రాబందుల గుంపు వాలితే గుంపంతా పోతుంది.

2024 జనవరిలో కాగజ్‌నగర్ పక్కన దరిగాం అడవిలో కొద్ది రోజుల తేడాలో రెండు పులులు చచ్చి కనబడ్డాయి. పులి చంపిన పశువు మీద విషం చల్లారన్నదే కేసు, అరెస్టులు కూడా అయ్యాయి. పెద్దపులి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకటో షెడ్యూల్ జంతువు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నది. చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. ఒక ఆవు విలువకు పరిహారం వస్తుంది, ఆ జైలుకు పరిహారం రాదు.

"నేను పెట్టలేదు, పక్కోడు పెట్టిండు" అన్నా ఆవు మీది కాబట్టి మొదట అడిగేది మిమ్మల్నే. అందుకే సమాచారం ఇచ్చేదాకా పగటిపూట ఇద్దరు ముగ్గురు మనుషులు ఓ వంద గజాల దూరంలో, కళేబరం కనబడే చోట, గాలికి ఎదురుగా కాకుండా కూర్చుంటే మంచిది. రాత్రి కాపలా వద్దు, మంచె మీద కూడా వద్దు. సిబ్బంది వచ్చాక కాపలా వాళ్ల పని. వాళ్లు చుట్టూ తిరిగి చచ్చిన కాకులు, ఈగలు గుట్టగా పడి ఉండటం, మాంసం మీద రంగు గుళికలు, మందు వాసన ఉన్నాయేమో చూస్తారు. మీకు ముందే ఏదైనా తేడాగా అనిపిస్తే ముట్టుకోకుండా చెప్పండి.

ఫోన్ చేశాక, వాళ్లు వచ్చేలోపు మీరు చేయగలిగిన పని ఒకటే: ఫొటోలు. కళేబరాన్ని నాలుగు వైపుల నుంచీ తీయండి. మెడను దగ్గరగా తీయండి. చెవికి పసుపు ట్యాగు ఉంటే దాని మీది పన్నెండు అంకెలూ చదివేటట్టు తీయండి. ఈడ్చిన జాడ ఉంటే ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే చోటు కూడా ఫొటోలో పడుతుంది. అడుగుల ఫొటో అయితే పక్కన అగ్గిపెట్టెనో పది రూపాయల బిళ్లనో పెట్టి, ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని నిలువుగా తీయాలి. వాలుగా తీసిన ఫొటోలో చిరుత అడుగు కూడా పెద్దపులిలాగే కనబడుతుంది. మంచి అడుగు రెండు మూడు దొరికితే వాటి మీద గంపనో తట్టనో బోర్లించి చుట్టూ రాళ్లు పెట్టండి. ఊరంతా చూడటానికి వచ్చి తొక్కేస్తే ఇక తేల్చేది ఏమీ మిగలదు. తరచుగా జరిగేది అదే. బీటాఫీసర్ వచ్చేసరికి చెప్పుల జాడలే ఉంటాయి.

పులా, చిరుతా? మీరు చెప్పిన ఒక్క ముక్క, వెనక భాగం తినేసి ఉందన్నది, పెద్దపులి వైపే చూపిస్తోంది. పెద్దపులి సాధారణంగా తొడల దగ్గర, తోక కింద మొదలుపెడుతుంది. పేగులు, పెద్దపొట్ట సంచి చింపకుండా బయటికి లాగి ఓ పక్కన పడేస్తుంది. కళేబరానికి నాలుగైదు అడుగుల దూరంలో గడ్డితో నిండిన సంచి చెక్కుచెదరకుండా పడి ఉంటే అది బలమైన ఆనవాలు. చిరుత ఎక్కువగా పొట్ట, రొమ్ము వైపు నుంచి తింటుంది. ఎదిగిన ఆవును పడేయడం దానికి కష్టం, లేగల్నీ మేకల్నీ ఎత్తుకుపోతుంది, వీలుంటే చెట్టెక్కిస్తుంది. రేచుకుక్కలైతే మెడ మీద ఒకే గట్టి కాటు ఉండదు, వెనక నుంచీ డొక్కల నుంచీ బతికుండగానే పీకిన చీలికలు ఒళ్లంతా ఉంటాయి. దుమ్ములగొండి ఎముకలు పగలగొడుతుంది, అది చాలావరకు చచ్చినదాని మీదకే వస్తుంది.

ఆవు పడ్డ చోటుకూ తిన్న చోటుకూ మధ్య దూరం ఉందా చూడండి. పెద్దపులి పశువును బాగా చాటుకు, నీళ్లకు దగ్గరగా ఈడ్చుకుపోతుంది. గడ్డి ఒకే దిక్కుకు వాలి, మట్టిలో కాళ్ల గిట్టలు గీసిన గీతలు రెండు జంటగా కనిపిస్తాయి. రెండు వందల కిలోల పశువును గట్టు ఎక్కించి ఒర్రెలో దింపిందంటే అది చిరుత పని కాదు.

అడుగుల దగ్గరికి వద్దాం. పిల్లి జాతి అడుగులో గోళ్లు పడవు. కుక్క, నక్క, దుమ్ములగొండి అడుగులో ప్రతి వేలి ముందూ గోరు చుక్క ఉంటుంది. పిల్లి జాతి అరికాలి దిండుకు వెనక వైపు మూడు గుండ్రటి ఉబ్బులు స్పష్టంగా ఉంటాయి. ఇక కొలత: చిరుత అడుగు వెడల్పు ఏడెనిమిది సెంటీమీటర్లు, అంటే మీ నాలుగు వేళ్లు ఆనించి పెడితే ఇంచుమించు కప్పేస్తుంది. పెద్దపులి ముందుకాలి అడుగు పది దాటి, మగదైతే పన్నెండు పద్నాలుగు దాకా పోతుంది, అరచెయ్యి మొత్తం పెట్టినా అంచులు బయటికి కనిపిస్తాయి. అయితే కొలిచే ముందు నేల చూసుకోండి. నీళ్లు పారిన మెత్తటి బురదలో అడుగు పక్కలకు విచ్చుకుని ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది. దుమ్ము దారిలో, పలుచగా మట్టి ఉన్న గట్టి నేల మీద పడిన అడుగే నమ్మదగ్గది. మగా ఆడా అన్నది వెనకకాలి అడుగు చూసి చెబుతారు. దాని చుట్టూ పెట్టె గీస్తే మగదానికి దాదాపు చతురస్రం వస్తుంది, ఆడదానికి నిలువుగా పొడుగ్గా వస్తుంది. పెద్ద అడుగు పక్కనే చిన్న అడుగులు ఉంటే చిరుత కూడా వచ్చిందని అనుకోకండి. పిల్లలున్న తల్లి కావచ్చు, అది మరింత జాగ్రత్త పడాల్సిన సంగతి. పులిపిల్లలు దాదాపు రెండేళ్ల దాకా తల్లి వెంటే తిరుగుతాయి.

డాక్టరు తేల్చేది మాత్రం మెడ దగ్గర. గొంతు మీద తోలు వలిచి చూస్తే కోరలు దిగిన చిల్లులు నాలుగు ఉంటాయి. పై కోరల మధ్య దూరం కొలుస్తారు. 5 సెంటీమీటర్లు దాటితే పెద్దపులి, 4 లోపుంటే చిరుత. మధ్యలో వస్తే అడుగులతో కలిపి చూడాలి, ఎందుకంటే పెద్ద మగ చిరుతా, ఎదుగుతున్న పులీ ఆ కొలత దగ్గరే కలుస్తాయి. ఇంకా ముఖ్యమైనది చిల్లుల చుట్టూ తోలు కింద గడ్డకట్టిన నల్లటి నెత్తురు. బతికుండగా కొరికితేనే అది వస్తుంది. నెత్తురు గడ్డ లేకపోతే ఆవు ముందే పాముకాటుకో, గాలికుంటుకో, కరెంటుకో చచ్చి, ఆ తర్వాత పులో నక్కో తిన్నట్టు. పరిహారం వచ్చేదీ పోయేదీ ఈ నెత్తురు గడ్డ దగ్గరే. అది రెండో రోజు మధ్యాహ్నానికల్లా కుళ్లి చెప్పలేని స్థితికి వస్తుంది. అందుకే ఫోన్ పొద్దున్నే చేయమంటున్నాను.

పరిహారం. పశువు విలువను పశువైద్యుడు వేస్తారు. జాతి, వయసు, ఈతలు, పాడి, చూడి చూసి అప్పటి మార్కెట్ ధర ప్రకారం. ఫైలు కదలాలంటే మీ దరఖాస్తు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, పోస్టుమార్టం రిపోర్టు, పంచనామా, ఫొటోలు, ఆ పశువు మీదేనని పంచాయతీ నుంచి ధ్రువీకరణ ఉండాలి. పంచనామా మీద మీరూ ఇద్దరు సాక్షులూ సంతకం పెట్టే ముందు చదవండి. తేదీ, చోటు, ఆవు రంగు, వయసు, ట్యాగు నంబరు సరిగ్గా ఉన్నాయా చూసుకోండి. ఒక కాపీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత "ఫైలు దొరకట్లేదు" అన్నప్పుడు పనికొచ్చేది ఆ ఫొటోనే.

తిరస్కరించే కారణాలు చాలావరకు చిన్నవే. పంచనామాలో ఆవు ఎర్రదని, పోస్టుమార్టంలో తెల్లదని రాసి ఉంటుంది. దరఖాస్తు తండ్రి పేరు మీద, ఖాతా కొడుకు పేరు మీద ఉంటుంది. మేత అడవిలో జరిగితే "చెల్కలో కట్టేసిన ఆవు" అని రాయించడం అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. భయంతో అలా చేస్తారు. జీపీఎస్ పాయింటు అడవి లోపల చూపిస్తుంది, కాగితం బయట చూపిస్తుంది, అక్కడితో ఫైలు ఆగిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కేసు భయం గురించి అడిగారు. పులి పశువును చంపిందని చెప్పడం నేరం కాదు, అది చెప్పినందుకు కేసు పెట్టరు. పోడు సాగు చేసేవాళ్లు చాలామంది "ఫారెస్టోళ్లు వస్తే భూమి చూస్తరు" అని ఊరుకుంటారు. పశువు పరిహారం పశువు యజమానిది, దానికి భూమి పట్టాతో ముడి లేదు. పంట నష్టమైతే వేరు, దానికి భూమి కాగితాలు అడుగుతారు. ఊళ్లో ఒకరికి ఈ తేడా అర్థమై నలుగురికీ చెబితే సగం మందు డబ్బాలు బయటికి రావని నా నమ్మకం.

కెమెరాలు పెడతారు, వాటిని ముట్టుకోకండి. కళేబరానికి నాలుగైదు మీటర్ల దూరంలో చెట్లకు ఎదురెదురుగా రెండు కడతారు, మోకాలి ఎత్తున. రెండెందుకంటే పులి కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు ఒకలా ఉండవు. రెండు పక్కలూ దొరికితేనే అది ఏ పులో గట్టిగా చెప్పగలరు. మన వేలిముద్రల్లాగే ఒకదాని చారలు ఇంకోదానికి రావు. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ దగ్గర దేశంలో కెమెరాలకు చిక్కిన పులుల ఫొటోలు ఉన్నాయి, వాటితో పోల్చి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతారు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులే లేవని తేలాక పాత పద్ధతిలో అడుగులు గాజుపలక మీద గీసి లెక్కపెట్టడం ఆగిపోయి కెమెరా లెక్క వచ్చింది. అడుగులు ఇప్పటికీ పనికొస్తాయి కానీ "ఇన్ని పులులున్నాయి" అని చెప్పడానికి కాదు, "ఇటు నుంచి వచ్చి అటు పోయింది" అని చెప్పడానికి.

ఎక్కడి నుంచి వస్తాయన్నది మన వైపు చాలామందికి సందేహం. ఆదిలాబాద్, కుమ్రంభీం జిల్లాలకు మహారాష్ట్ర నుంచి వస్తాయి: తడోబా వైపు నుంచి ప్రాణహిత దాటి సిర్పూర్, కాగజ్‌నగర్‌లోకి, తిప్పేశ్వర్ నుంచి పెన్‌గంగ దాటి భీంపూర్, బోథ్ వైపుకు. ఫల్గుణ అన్న ఆడపులి అలాగే నది దాటి వచ్చి కాగజ్‌నగర్ అడవిలో పిల్లల్ని పెట్టింది, ఇప్పుడు ఆ అడవుల్లో తిరిగే వాటిలో దాని సంతానం ఉంది. 2012లో ప్రకటించిన కవ్వాల్ టైగర్ రిజర్వ్ కోర్, అంటే లోపలి రక్షిత భాగం, విస్తీర్ణం 892 చదరపు కిలోమీటర్లు. కానీ పులులు నిలదొక్కుకున్నది ఆ కోర్‌లో కాదు, దానికీ తడోబాకూ మధ్యనున్న కాగజ్‌నగర్ డివిజన్ అడవిలో, ఊళ్ల మధ్యన. మనకు, అంటే ములుగు, నర్సంపేట వైపుకు, ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి అడవి నుంచి గోదావరి దాటి ఏటూరునాగారం, తాడ్వాయి మీదుగా పాకాల దాకా, అటు గుండాల, కిన్నెరసాని వైపూ దారి ఉంది. 2024 డిసెంబరులో నల్లబెల్లి, నర్సంపేట వైపు అడుగులు కనబడి ఊళ్లు కలవరపడ్డాయి కదా, అది కొత్త సంగతి కాదు, తెగిపోయిన పాత దారి మళ్లీ తెరుచుకోవడం.

ఇలా వచ్చేవాటిలో ఎక్కువ రెండేళ్లు, రెండున్నరేళ్ల మగవి. తల్లి నుంచి విడిపోయి, పెద్ద మగపులి తరిమితే సొంత చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. తెలియని అడవిలో దుప్పిని పట్టడం కంటే మేస్తున్న ఆవును పట్టడం తేలిక. ఒక పులికి ఏడాదికి యాభై దాకా జంతువులు కావాలి, వారానికి ఒకటి చొప్పున. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో చుక్కల దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు) పలుచబడి పోయాయి, ఉచ్చులూ వేటకుక్కలే కారణం. దుప్పులు లేని అడవిలోకి పులి వస్తే అది పశువుల మీద పడకుండా ఉండదు. ఈ మాట అధికారులకూ వర్తిస్తుంది: పరిహారం ఇవ్వడం ఎంత ముఖ్యమో, గడ్డి మైదానాలు కాపాడి దుప్పుల్ని పెంచడం అంతకంటే ముఖ్యం. రెండోది కనబడదు కాబట్టి ఎవరూ అడగరు.

"పట్టుకుని జూలో వేయొచ్చు కదా" అంటారు. పశువును చంపినంత మాత్రాన పులిని పట్టరు. మనిషి ప్రాణానికి ముప్పుగా మారితేనో, బతకలేనంత గాయపడితేనో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, అది చట్టంలో 11వ సెక్షన్. మత్తు సూది కూడా సినిమాలో చూపించినట్టు పనిచేయదు. సూది తగిలాక మత్తు ఎక్కడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఆలోపు అది ఎటైనా పరుగెత్తుతుంది, చుట్టూ జనం ఉంటే వాళ్ల మీదకే. అందుకే జనం గుమిగూడిన చోట మత్తు సూది వేయడానికి అనుభవమున్న డాక్టరెవరూ ఒప్పుకోరు.

పత్తి కూలీల సంగతి తేలిగ్గా తీసుకోకండి, వాళ్ల భయం నిజం. కాగజ్‌నగర్ వైపు మనుషులు చనిపోయినవి 2020 నవంబరులోనూ 2024 నవంబరులోనూ. రెండూ పత్తి ఏరే కాలమే. ఎదిగిన పత్తి చేను నడుము ఎత్తున్న పొదే. అందులో పులి పగలంతా పడుకోగలదు, పక్క సాలులో ఉన్న మనిషికి తెలియదు. వంగి ఏరే మనిషి దాని కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడు. నిలబడ్డ మనిషి జోలికి పులి సాధారణంగా రాదు, వంగినవాళ్లు, కూర్చున్నవాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్ల మీదే ఎక్కువ దాడులు.

కాబట్టి పది గంటలకు చేన్లోకి దిగి నాలుగింటికి బయటపడండి. మంచు విడవకముందు వద్దు. దిగే ముందు గెట్ల మీద నాలుగు వైపులా గుంపుగా తిరుగుతూ గట్టిగా మాట్లాడండి, డబ్బా కొట్టండి, పది నిమిషాలు ఆగండి. అడవి వైపు నుంచి ఊరి వైపు రాకండి, ఊరి వైపు నుంచి మొదలుపెట్టి అడవి వైపు జరగండి. పులి ఉంటే దానికి తప్పుకునే దారి ఉంటుంది. పది మంది ఒకే వరసలో, చేయి చాపితే అందేంత దూరంలో ఏరాలి, ఒకరు ఏరకుండా నిలబడి చూస్తూ ఉండాలి. ఆ ఒకరి కూలీ రైతులంతా పంచుకుంటే భారం కాదు. బహిర్భూమికి ఒర్రె వైపు ఒక్కరే పోవద్దు. అడవి అంచున ఉన్న మొదటి పది సాళ్లు పులి వెళ్లిపోయిందని తేలేదాకా వదిలేయండి, నాలుగు రోజులకు పత్తి పాడవదు.

తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకోవడం కాగజ్‌నగర్‌లో అటవీ శాఖ చేయించింది. సుందరబన్స్ నుంచి వచ్చిన పద్ధతి, పులి వెనక నుంచి వస్తుంది కాబట్టి. పెట్టుకుంటే నష్టం లేదు. కానీ మాస్కు ఉందని ఒక్కరే చేన్లో ఉంటే మాస్కు లేకుండా పదిమందితో ఉన్నదానికంటే ప్రమాదం ఎక్కువ.

నిజంగా ఎదురుపడితే పరుగెత్తకండి, వంగకండి, వీపు చూపకండి. చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, దాన్ని చూస్తూనే వెనక్కి అడుగులేయండి. చేన్లో పులి ఉందని తెలిస్తే జనమంతా ఊరి వైపే నిలబడి అడవి వైపు ఖాళీగా వదలాలి. నాలుగు వైపులా చుట్టుముట్టి డప్పులు కొడితే అది జనం మీద నుంచే దారి చేసుకుంటుంది. అవసరమైతే గుంపు కట్టకుండా కలెక్టర్ నిషేధ ఉత్తర్వు ఇప్పించమని రేంజ్ ఆఫీసర్‌ను అడగొచ్చు.

ఈ వారం రోజులు తీగలు తీసేయండి. మొక్కజొన్నకూ పల్లీకీ అడవిపందుల కోసం బైండింగ్ వైరు కట్టి ఇంటి కరెంటో, పదకొండు కేవీ లైనుకు కొక్కెమో తగిలించడం మన వైపు మామూలైపోయింది. అది పందిని, పులిని, రాత్రి నీళ్లు పెట్టడానికి పోయే రైతుని వేరు చేసి చూడదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవిలో వేటగాళ్ల కరెంటు తీగ తగిలి గ్రేహౌండ్స్ జవాను చనిపోయాడు. పంది బెడద ఉంటే సోలార్ కంచె వేసుకోండి. అందులో కొన్ని వేల ఓల్టులు ఉన్నా సెకనుకోసారి రెప్పపాటు కంటే తక్కువసేపు వచ్చిపోతుంది కాబట్టి దెబ్బ తగులుతుంది గానీ ప్రాణం పోదు. బైకు క్లచ్ వైరు ఉచ్చులూ అంతే. చెన్నూరు అడవిలో కే4 అని పిలిచే ఆడపులి నడుముకు అలాంటి తీగ బిగుసుకుని కెమెరాకు చిక్కింది. ఉచ్చు గాయమైన పులి దుప్పిని తరమలేదు, చివరికి పశువుల దగ్గరికి, మనుషుల దగ్గరికి అదే వస్తుంది.

ఇంకో చిన్న మాట. అడుగుల ఫొటోలు చోటు పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. చూడటానికి జనం వస్తారు, వాళ్ల వెనకే చర్మం, గోళ్ల బేరగాళ్లూ వస్తారు. బీటాఫీసర్‌కు పంపితే చాలు.

ఇక ఎన్ని రోజులుంటుందంటే: వలస వచ్చిన మగదైతే ఆవు అయిపోయాక మామూలుగా కదిలిపోతుంది, ఒక్క రాత్రిలో ఇరవై కిలోమీటర్లు నడవడం దానికి లెక్క కాదు. వరసగా మూడు రాత్రులు కెమెరాకు పడకుండా, కొత్త అడుగులు ఊరి అవతలి వాగు దాటినట్టు కనబడితే వెళ్లిందనే అనుకోవచ్చు. ఆడది అయి, అడుగులు అదే రెండు మూడు వాగుల మధ్య తిరుగుతుంటే చోటు చూసుకుంటోందన్నమాట. అప్పుడు మేతను పది నుంచి నాలుగు మధ్యకు మార్చి, ఇద్దరు కాపరులకు తగ్గకుండా పంపి, లేగల్నీ చూడి పశువుల్నీ ఇంటి దగ్గరే ఉంచి, రాత్రి కొట్టానికి తలుపూ లైటూ పెట్టుకోవాల్సి వస్తుంది. మిగిలిన పశువుల్లో చెవికి పసుపు ట్యాగు లేనివి ఉంటే రేపే పశువుల ఆసుపత్రికి పోయి వేయించుకోండి, టీకాలకు వచ్చినప్పుడు ఊళ్లోనే కూడా వేస్తారు.